మెట్ల మలుపు దాటే రైలు

ఉప్పల్‌లో మన తలమీదుగా పోయే మెట్రో పట్టాల మధ్య ఎడం 1435 మిల్లీమీటర్లు. నాచారం దాటి మౌలాలి వెళ్తే దక్షిణ మధ్య రైల్వే పట్టాల ఎడం 1676. ప్రయాణికుడికి ఈ తేడా పట్టదు, మోడల్ రైలు కట్టేవాడికి మొదటి లెక్క ఇదే. హెచ్‌ఓ స్కేలంటే అసలులో 87వ వంతు. ఆ లెక్కన మెట్రో దారి 16.5 మి.మీ. అవుతుంది, కొనడానికి దొరికే హెచ్‌ఓ పట్టాలు సరిగ్గా అంతే. మౌలాలి దారికి 19 పైచిలుకు కావాలి. చాలామంది సర్దుకుని 16.5 మీదే మన డీజిల్ ఇంజన్లను నడుపుతారు. నేనూ అంతే.

అద్దె ఫ్లాట్లో గది నిండా పట్టాలు పరిచే వీలు ఎక్కడిది? అందుకే ఇంగ్లండుకు చెందిన అలన్ రైట్ రూపొందించిన ఇంగిల్‌నుక్ నమూనా నాకు ప్రాణం. మూడు సైడింగులు (పక్క పట్టాలు), దారి మార్చే పాయింట్లు రెండు, ఎనిమిది వ్యాగన్లు. చీటీలు తీసి, వచ్చిన వరసలోనే ఐదు వ్యాగన్లను జతచేయాలి. అలాంటి వరసలు 6720! మూడేసి అడుగుల రెండు బోర్డుల మీద ఏళ్లకు సరిపడా షంటింగ్.

అసలు పనితనమంతా ఆ రెండు బోర్డులు కలిసే చోట ఉంది. రెంటి చివరి పలకలనూ బిగించిపట్టి ఒకేసారి రంధ్రాలు వేయాలి. విడివిడిగా వేస్తే వెంట్రుకవాసి తేడాకే చక్రం పట్టా దిగుతుంది. ఆ రంధ్రాల్లో ఇత్తడి పిన్నులు, బుష్‌లు కూర్చాలి. లేత్ మిషన్ ఉన్న ఏ చిన్న షెడ్డులోనైనా చేసిస్తారు. దారి కలపడం పిన్నుల పని, బోల్టులు పట్టి ఉంచుతాయంతే. అంచున ఇత్తడి మరలు దించి పట్టాలను వాటికి టంకం వేసి, ఆ తర్వాతే సన్నరంపంతో కోయాలి.

చెక్కకు ఎండకన్నా తేమే పెద్ద శత్రువు. ఒక వానాకాలం నా బోర్డు ఉబ్బి పాయింటు కదలనంది. అడుగువైపు వార్నిష్ వేయకపోవడం నా తప్పే. ఇప్పుడు అంచులతో సహా అన్ని వైపులా పూస్తున్నాను.

తోలుబొమ్మలాట వాళ్లు బొమ్మలను ఒకదానిమీద ఒకటి పరిచి బుట్టలో సర్దుకుని ఊరూరా తిరిగేవారు. ఆ బొమ్మల్లాగే లేఅవుట్ కూడా ప్రయాణానికి ఒదగాలి. రెండు బోర్డులను ఎదురెదురుగా తిప్పి, రెండు చివర్లా ప్లైవుడ్ పలకలు బిగిస్తే అదే పెట్టె. పలక ఎత్తు చూసుకోవాలి: రెండువైపులా ఎదురుపడే చెట్లూ ఇళ్లూ ఒకదాన్నొకటి తాకకూడదు. సిగ్నళ్లు ఊడదీసేలా ఉండాలి. కట్టడానికి ముందే మెట్ల మలుపు దగ్గర టేపు పట్టి కొలవండి. ఆటో ట్రాలీలో పెట్టె కింద పాత బొంత పరుస్తాను. ఇంజనూ వ్యాగన్లూ మాత్రం స్పాంజి గూళ్లున్న డబ్బాలో, నా ఒళ్లోనే.

నాచారంలో చెల్లెలి ఇంట్లో మొదటిసారి విప్పినప్పుడు పిల్లలు నేలమీద బోర్లా పడుకుని చూశారు. పిన్నులు కూర్చున్నాయి. 12 వోల్టుల కరెంటు ఇచ్చాను. అతుకు మీద ఇంజను కాస్తయినా ఊగకుండా అవతలి బోర్డులోకి వెళ్లిపోయింది.