ఏమీ తెలియని పెట్టె

తెర మీద నీలిపచ్చ వెలుగులో పాట పేరు మెల్లగా జరుగుతూ ఉంటుంది. ఆ పేరేమిటో పెట్టెకు తెలియదు. ఏ భాషో తెలియదు, ఎవరు పాడారో తెలియదు, తాను చూపిస్తున్నవి అక్షరాలన్న సంగతే తెలియదు. తెరలో అడ్డంగా 320, నిలువుగా 32 చుక్కలున్నాయి. వాటిలో ఏది వెలగాలో ఏది ఆరాలో లెక్క కట్టేది ఇంట్లో ఇంకోచోట నడిచే కంప్యూటరు. చుక్కకు ఒక బిట్ చొప్పున 1280 బైట్ల బొమ్మ గీసి అది పంపిస్తుంది, పెట్టె వెలిగిస్తుంది. అంతే. ఇరవై ఏళ్ళ కిందటి ఈ సంగీతపు పెట్టె పేరు స్క్వీజ్‌బాక్స్. చేసినవాళ్ళు ఇందులో ఏం పెట్టారో చూడటం కంటే, ఏం పెట్టకుండా వదిలేశారో చూస్తేనే వాళ్ళ పనితనం బాగా తెలుస్తుంది.

కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూలో షాన్ ఆడమ్స్ 2000లో స్లిమ్ డివైజెస్ అనే చిన్న కంపెనీ పెట్టాడు. కంప్యూటరులో పోగుపడ్డ ఎంపీ3 పాటల్ని హాల్లోని స్టీరియోకు చేర్చడానికి 2001లో ఒక పెట్టె తెచ్చాడు. 2003లో వైఫైతో మొదటి స్క్వీజ్‌బాక్స్ వచ్చింది. 2005లో రెండోదీ, దాని వెంటే నిటారుగా నిలబడే మూడోదీ వచ్చాయి. తర్వాత క్లాసిక్ అని పిలిచింది ఆ మూడోదాన్నే, ఇక్కడ చెప్పేదీ ఎక్కువగా దాని గురించే. 2006లో లాజిటెక్ ఈ కంపెనీని కొంది, 2012లో ఈ వరస పెట్టెల్ని ఆపేసింది.

ఆపేసిన పెట్టెలకు మామూలుగా ఏమవుతుందో మనకు తెలుసు. నింటెండో వీ అనే ఆటల పెట్టెలో నెట్‌ఫ్లిక్స్ 2019 జనవరితో ఆగిపోయింది. అదే ఏడాది చివర కొన్ని పాత స్మార్ట్ టీవీల్లోనూ, పాత రోకు పెట్టెల్లోనూ పోయింది. 2012లో వచ్చిన మూడో తరం ఆపిల్ టీవీలో 2024 జులై దాకా నడిచింది. 2025 మార్చి 9న లోకమంతటా రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు ఒక్కసారిగా మొరాయించాయి. వాటిలో పదేళ్ళ గడువుతో వేసిన డిజిటల్ సర్టిఫికెట్‌కు ఆ రోజుతో కాలం తీరింది. గూగుల్ కొద్ది రోజుల్లో సరిచేసింది కాబట్టి బతికాయి. ఈ యంత్రాల్లో చాలావరకు విద్యుత్ భాగాలు చెక్కుచెదరలేదు. ఇంటర్నెట్ మాట్లాడే తీరు మారింది, సినిమాను కుదించే పద్ధతులు మారాయి, దొంగ కాపీలు పడకుండా వేసే తాళాలు మారాయి. యాప్ పెట్టెలోనే ఉంటుంది కనుక మారిన ప్రతిసారీ పెట్టెను మార్చాలి. పాత పెట్టెలు వాడేవాళ్ళు కొద్దిమందే మిగిలాక ఆ శ్రమ ఎవరూ పడరు.

స్క్వీజ్‌బాక్స్‌లో అసలు యాప్ లేదు. తోలుబొమ్మకు పద్యం రాదు, తెర వెనక మనిషికి వస్తుంది. బొమ్మ చేయాల్సిందల్లా లాగినప్పుడు సరిగ్గా కదలడమే. ఇక్కడ తెర వెనక మనిషి సర్వర్ అనే ప్రోగ్రాం. పెర్ల్‌లో రాసి, సోర్స్‌తో సహా అందరికీ ఇచ్చేశారు. పాత లాప్‌టాప్ మీదైనా సరే, ఈ మధ్యకాలపు రాస్‌బెర్రీ పై అనే చిట్టి కంప్యూటరు మీదైనా సరే, నడుస్తుంది.

రిమోట్ సంగతి చూడండి. బటన్ నొక్కితే ఏం చేయాలో పెట్టెకు తెలియదని ఈపాటికి ఊహించే ఉంటారు. తన కంటికి ఫలానా కోడ్ కనబడిందని సర్వర్‌కు చెప్పి ఊరుకుంటుంది. ఆ కోడ్ ఏ బటన్‌దో చెప్పే మామూలు టెక్స్ట్ ఫైలు సర్వర్ దగ్గర ఉంది. ఆ బటన్ ఏ మెనూలో ఏం చేయాలో చెప్పే ఫైలు ఇంకొకటి. ఫైళ్ళు మార్చుకుంటే ఇంట్లో పడి ఉన్న వేరే కంపెనీ రిమోట్‌తోనూ పని జరుగుతుంది. జేవీసీ డీవీడీ రిమోట్ కోసం రాసిన ఫైలు సర్వర్‌తో పాటే వచ్చేది. వీటన్నిటికంటే నాకు నచ్చిన వివరం మరొకటుంది. కోడ్‌తో పాటు అది తన గడియారంలో ఎన్నో మిల్లీసెకనులో అందిందో కూడా పెట్టె రాసి పంపుతుంది. ఎందుకంటే బటన్‌ను ఒకసారి తట్టారా, నొక్కి పట్టుకున్నారా అన్నది తేల్చేది సర్వర్. వైఫై కాస్త తడబడి సందేశాలు ఆలస్యంగా చేరితే తట్టడం పట్టుకోవడంలా కనబడొచ్చు. పెట్టె వేసిన సమయం దగ్గరుంటే ఆ పొరపాటు జరగదు. రిమోట్ తిక్కగా ప్రవర్తించని ప్రతిసారీ ఈ జాగ్రత్త పనిచేసినట్టే. చూసేవాళ్ళకు కనబడదు, పొగిడేవాళ్ళూ ఉండరు.

పెట్టెకూ సర్వర్‌కూ మధ్య నడిచే భాష కూడా పొదుపైనదే. ఒక్కో ఆదేశానికి నాలుగు అక్షరాల పేరు. పెట్టె కరెంటు అందుకోగానే 'హెలో' అంటుంది. ఆ మాట ఇంగ్లీషులో రాస్తే అయిదు అక్షరాలు కావాలి కాబట్టి ఒకటి కోసేశారు. పాట మొదలుపెట్టడానికి ఒక ఆదేశం, శబ్దం పెంచి తగ్గించడానికి ఒకటి, తెర బొమ్మకు ఒకటి. ఇలా కొన్నే. బయటివాళ్ళు దీన్ని చదివి అర్థం చేసుకుని తమ సొంత ప్లేయర్లు రాసుకోగలిగారు. స్క్వీజ్‌లైట్ అలా పుట్టిందే. ఈ రోజుకీ వేలెడంత ఈఎస్‌పీ32 బోర్డు కూడా ఈ నాలుగక్షరాల భాష మాట్లాడుతుంది.

ఇంత చెప్పాక పెట్టె వట్టి డొల్ల అనుకోకండి. ఆలస్యం తట్టుకోలేని పనుల్ని మాత్రం తెచ్చి దానిలోనే పెట్టారు. ఎంపీ3, ఫ్లాక్ వంటి కొన్ని రకాల్ని విప్పడం, రాబోయే సంగీతాన్ని కాస్త ముందే నిలవ చేసుకోవడం, మంచి బర్ బ్రౌన్ చిప్‌తో అంకెల్ని శబ్దంగా మార్చడం. పాటతో పాటు తెర మీద ఎగిరిపడే వీయూ మీటర్ కూడా అక్కడే లెక్కవుతుంది. సర్వర్‌లో లెక్కకట్టి పంపితే, అది చేరేసరికి తాళం దాటిపోయేది. పొడవైన పేరు తెరలో జరగడానికి సర్వర్ మొదట్లో బొమ్మ తర్వాత బొమ్మ పంపేది. తర్వాత వెడల్పాటి బొమ్మ ఒకటే పంపి, దాన్ని జరిపే పని పెట్టెకు అప్పగించారు. ఏ పని ఎటు ఉండాలన్నది ఒకసారి తేల్చి వదిలేయలేదు, అనుభవంతో సరిదిద్దుకుంటూ వచ్చారు.

వంటింట్లో ఒక పెట్టె, పడగ్గదిలో ఒకటి పెట్టి ఒకే పాట వేస్తే రెండూ ఒక్కటిగా పాడాలి. మధ్యలో నడిచి వెళ్ళే మనిషి చెవికి ప్రతిధ్వని వినబడకూడదు. దీనికి సర్వర్ రెండు పెట్టెలకూ పాట పంపి, నిలవ నిండిందని రెండూ చెప్పేదాకా ఆగుతుంది. ఆపైన 'ఇప్పుడు మొదలుపెట్టు' అనదు. 'నీ గడియారంలో ఫలానా మిల్లీసెకనుకు మొదలుపెట్టు' అంటుంది, ఎవరి గడియారం ప్రకారం వాళ్ళకి. పాట మధ్యలో ఒకటి ముందుకు పోతే దాన్ని కొన్ని మిల్లీసెకన్లు ఆగమంటుంది, వెనకబడితే కొన్ని దాటేయమంటుంది. గడియారాలన్నిటినీ ఒకేలా తిప్పే ప్రయాస పడకుండా, ఎవరి గడియారం ఎంత తేడాగా ఉందో గుర్తుపెట్టుకోవడంతో సరిపెట్టారు.

ఈ పెట్టెను ఇన్నాళ్ళు బతికించింది మాత్రం ఇంతకంటే సాదాసీదా వస్తువు, మార్పిడి నియమాల ఫైలు. దానిలో ఒక్కో నియమానికి ఒక్కో జత ఉంటుంది. వచ్చేది ఈ రకం, పెట్టెకు కావలసింది ఆ రకం, మధ్యలో నడపాల్సిన ప్రోగ్రాం ఇది. ఒక ప్రోగ్రాం విప్పింది మరొకదానిలోకి కారుతుంది, చివరికి ఫ్లాక్‌గా బయటికొస్తుంది. ఫ్లాక్‌లో శబ్దం ఏమీ పోదు, ఎవరికీ రుసుము కట్టక్కరలేదు. 2005లో ఊహించని రకమేదైనా పుట్టిందా, ఫైలులో ఒక నియమం చేరిస్తే చాలు. పెట్టెను ముట్టుకోనక్కరలేదు.

2015లో బీబీసీ తన రేడియో ప్రసారాల తీరు మార్చినప్పుడు ఎంతోమంది ఇళ్ళలో ఇంటర్నెట్ రేడియోలు మూగబోయాయి. ప్రసారాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి పంపే కొత్త పద్ధతి వాటికి రాదు. స్క్వీజ్‌బాక్స్‌కూ రాదు. కానీ సర్వర్‌కు ఎవరో ఒక ప్లగిన్ రాశారు, అది ముక్కల్ని ఏరి అతికి అందించింది. ఆకాశవాణి కేంద్రాల ప్రత్యక్ష ప్రసారాలు ఇంటర్నెట్‌లో వచ్చేదీ ఇలా ముక్కలుగానే, కాబట్టి అమెరికాలో విజయవాడ కేంద్రం వినాలనుకునే తెలుగువాళ్ళకూ దారి ఇదే. హెచ్‌టీటీపీఎస్ సంగతీ అంతే. ఆ పెట్టెలో అది లేనే లేదు. బయటి లోకంతో తాళం వేసుకుని మాట్లాడేది సర్వర్, ఇంట్లో పెట్టెతో మామూలుగా మాట్లాడేదీ సర్వరే. కాలం తీరే సర్టిఫికెట్ పెట్టెలో ఉంటే కదా తీరడానికి!

తప్పులెన్నాలంటే ఉన్నాయి. ఇంట్లో ఎప్పుడూ ఒక కంప్యూటరు మేలుకుని ఉండాలనడం చాలామందికి అడ్డుగోడ అయింది. ఆ ఇబ్బంది తప్పించడానికి ఇంటర్నెట్‌లో కంపెనీయే ఒక సర్వర్ నడిపింది. సులువుగా ఉందని ఎంతోమంది దాన్నే నమ్ముకున్నారు. 2024 మొదట్లో లాజిటెక్ దాన్ని మూసేసింది. ఇంట్లో సొంత సర్వర్ ఉన్నవాళ్ళకు పోయింది తక్కువ, లేనివాళ్ళు ఒకటి పెట్టుకోక తప్పలేదు. తర్వాత వచ్చిన టచ్, రేడియో మోడళ్ళలో లినక్స్, రంగుల తెర, సొంత మెనూలు పెట్టారు. అందంగా ఉంటాయి. నా లెక్కలో అవి ఒక మెట్టు దిగువనే. తెలివి పెరిగినకొద్దీ పాతబడేవీ పెరిగాయి, వాటికి అభిమానులు కొత్త ఫర్మ్‌వేర్ చేసి ఎక్కించాల్సి వచ్చింది. క్లాసిక్‌లోని ఫర్మ్‌వేర్ మూల రూపం ఎవరికీ ఇవ్వలేదు. అయినా ఎవరూ పెద్దగా బాధపడలేదు, దానిలో మార్చాల్సింది ఏమీ లేదు కనుక.

సినిమాల పెట్టెను ఇలా చేయొచ్చు కదా అంటే, చేయనివ్వరు. నెట్‌ఫ్లిక్స్ వంటి సంస్థలు బొమ్మను తాళం వేసి పెట్టె దాకా పంపి, తాళం అక్కడే తెరవాలంటాయి. మధ్యలో మన కంప్యూటరు కూర్చుని విప్పి మళ్ళీ కట్టి ఇవ్వడానికి వాటి ఒప్పందాల్లో చోటు లేదు. సంగీతంలోనూ అన్ని సేవలూ తలుపు తీయలేదు, ఇప్పుడున్న స్పాటిఫై దారి కూడా ఔత్సాహికులు తవ్వుకున్నదే.

లాజిటెక్ పేరుతో నడిచిన సర్వర్‌కు 2024లోనే లిరియన్ అని కొత్త పేరు పెట్టారు. పని కొనసాగుతోంది. ఈ మధ్య కొన్న రాస్‌బెర్రీ పై, 2005 నాటి క్లాసిక్ ఒకే గ్రూపులో కలిసి పాడతాయి.

సెకండ్ హ్యాండ్‌లో క్లాసిక్ దొరికితే ముందు తెర చూడండి, ఏళ్ళ తరబడి వెలిగి చాలావాటిలో మసకబారింది. అడాప్టర్ పోయిందంటే బెంగ వద్దు, అయిదు వోల్టులదే, సరిపడా కరెంటు ఇచ్చేది వేరేది పెట్టుకోవచ్చు. రిమోట్‌లో ఎడమ బాణం నొక్కి పట్టుకుంటే సెటప్ వస్తుంది. మీ రౌటర్‌ను కేవలం డబ్ల్యూపీఏ3 కి పెట్టి ఉంటే వైఫై కలవదు. వెనక ఈథర్‌నెట్ సాకెట్ ఉంది, కేబుల్ గుచ్చండి.