గుండెకో ఫైలు

గుండెలో లోహపు కవాటం పెట్టించుకున్నాక ఇంట్లోకి రెండు కొత్త పనులొస్తాయి. ఒకటి రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్ర, రెండోది ఫైలు. మాత్ర సంగతి డాక్టరు చెబుతారు. ఫైలు సంగతి ఎవరూ చెప్పరు.

నా ఫైల్లో అన్నిటికంటే పైన డిశ్చార్జి సమ్మరీ, కవాటం నంబరున్న కార్డు. అసలువి బీరువాలో, జిరాక్సులు సంచిలో. కింద తేదీలవారీగా ఎకో రిపోర్టులు. అట్టడుగున ఓ నోటుబుక్కు: ఏ తేదీన ఐఎన్‌ఆర్ ఎంత, మాత్ర ఎంత. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే అంకె ఇది. నాలాగా మిట్రల్ కవాటం మార్చుకున్నవాళ్లకు ఆ అంకె మామూలుగా 2.5కీ 3.5కీ మధ్య ఉండాలి. తగ్గితే కవాటం మీద రక్తం గడ్డకడుతుంది. పెరిగితే చిగుళ్లలోంచో, లోపలెక్కడో కారుతుంది.

మా శ్రీకూర్మంలో చిక్కంతా తిండి దగ్గరే. కూర్మనాథుడి ఊరు, ఏకాదశి పట్టే ఇళ్లకు కొదవలేదు. ఉపవాసాల వారంలో నా అంకె ఎగిరి కూర్చుంటుంది. ఆకుకూరల్లోని కె విటమినేమో మాత్ర బలాన్ని తగ్గిస్తుంది. అలాగని గోంగూర మొత్తం మానేయమంటే నమ్మకండి. వారం వారం ఒకే కొలతలో తింటే చాలు. ఇక చాలా నొప్పుల మందులు ఈ మాత్రతో పడవు, రక్తస్రావం పెంచుతాయి. కాళ్లు లాగుతున్నాయంటే ఊళ్లో డాక్టరుగారు చటుక్కున సూది తీస్తారు, నేను అంతకంటే చటుక్కున బుక్కు తీస్తాను.

ఇక ఖర్చు సంగతి. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొదలైన తొలి మూడు జిల్లాల్లో మా శ్రీకాకుళం ఒకటి. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్యసేవ. లక్షల ఖర్చయ్యే ఆపరేషను పేదింటికి అందిందంటే దాని చలవే, కాదనను. కానీ ఫాలోఅప్ ప్యాకేజీ ఏడాదితో సరి, మాత్ర మాత్రం బతికున్నంతకాలం. పోనీ పింఛనుకు వైకల్యం ఉందని చెప్పే సదరం సర్టిఫికెట్ తెచ్చుకోమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. 2016 దివ్యాంగుల చట్టంలో 21 వైకల్యాలున్నాయి. గుండెజబ్బు వాటిలో లేదు. ఆయాసంతో ఆ క్యూలో నిలబడటం దండగ.

పనికొచ్చేది ఒకటుంది. గుండె ఆపరేషనుకు రైల్లో వెళ్లే రోగికీ, తోడు ఒకరికీ స్లీపర్లో, థర్డ్ ఏసీలో 75 శాతం రాయితీ. ఆసుపత్రివాళ్లు సంతకం చేసి ముద్రేసిన ఫారం ఆమదాలవలస స్టేషను కౌంటర్లో ఇవ్వాలి. నాకు తెలిసినవాళ్లలో చాలామంది ఈ సంగతి తెలియక పూర్తి టిక్కెట్టు కొన్నారు.

వేలి కొసన చుక్క రక్తంతో ఐఎన్‌ఆర్ చెప్పే చిన్న యంత్రాలు ఎప్పుడో వచ్చాయి. నేనింకా ఆ ఒక్క అంకె కోసం నెలనెలా శ్రీకాకుళం బస్సెక్కుతున్నాను. ఊళ్లోకొచ్చే 104 బండిలో షుగరు చూసినట్టే ఇదీ చూడాలి. ముందు గార మండలంలోనైనా మొదలుపెట్టమని జిల్లా వైద్యాధికారులకు మనవి.