పియానో లేని నివాళి

పాల్ మోషన్ 1990లో రికార్డు చేసిన ఆల్బమ్ పేరు ఉత్తినే ‘బిల్ ఎవాన్స్’. 1980 సెప్టెంబర్‌లో పోయిన జాజ్ పియానిస్టుకి ఆయన పాత డ్రమ్మర్ ఇచ్చిన నివాళి. తొమ్మిది ట్రాకులూ ఎవాన్స్ కట్టిన బాణీలే. చిత్రమేమంటే ఇందులో పియానో లేదు. జో లొవానో శాక్సోఫోన్, బిల్ ఫ్రిజెల్ ఎలక్ట్రిక్ గిటార్, మార్క్ జాన్సన్ బేస్, మోషన్ డ్రమ్స్. అంతే.

మా వైపు, ప్రొద్దుటూరైనా జమ్మలమడుగైనా పులివెందులైనా, ఘంటసాల పాటల కచేరీ అంటే ముందు చూసేది గొంతు కలిసిందా లేదా అని. కలిస్తే చప్పట్లు. నేనూ కొట్టినాను. కానీ ఆ చప్పట్లు పోలికకే. మోషన్ ఆ కుర్చీలో ఎవరినీ కూర్చోబెట్టలేదు.

దాంతో ఒక మేలు జరిగింది. ఎవాన్స్ అనగానే అందరికీ ఆ వేళ్ల మెత్తదనమే గుర్తొస్తుంది. పియానో తీసేసరికి బాణీలు కట్టిన మనిషి బయటపడ్డాడు. ‘టర్న్ అవుట్ ద స్టార్స్’ 1966లో తండ్రి పోయినప్పుడు ఆయన జ్ఞాపకంగా ఎవాన్స్ వాయించింది. అంటే ఇది నివాళికి నివాళి. ‘రీ: పర్సన్ ఐ న్యూ’ అన్న పేరేమో నిర్మాత ఆరిన్ కీప్‌న్యూస్ పేరులోని ఇంగ్లీషు అక్షరాలను అటూ ఇటూ మార్చి పెట్టింది. (కోడ్ రాసుకునే నాలాంటోళ్లకు ఇట్లాంటివి భలే నచ్చుతాయి.)

డ్రమ్మర్‌కి ఇంత చనువు ఎక్కడిది? 1961 జూన్ 25న న్యూయార్క్ విలేజ్ వాన్‌గార్డ్‌లో ఎవాన్స్, స్కాట్ లఫారో, మోషన్ వాయించిన రికార్డులు వినండి. బేస్, డ్రమ్స్ పియానో వెనకాల నడవవు, దానితో మాట కలుపుతాయి. పదకొండు రోజులకే లఫారో కారు ప్రమాదంలో పోయాడు. ఇక ఈ ఆల్బమ్‌లో బేస్ పట్టిన జాన్సన్, ఎవాన్స్ చివరి ట్రయోలోవాడు. అప్పటి డ్రమ్మరూ చివరి బేసిస్టూ ఉన్నారు, మధ్యలో ఉండాల్సిన మనిషే లేడు.

పుట్టపర్తివారు ‘శివతాండవం’ రాసిన ఊరివాణ్ణి కాబట్టి లయంటే నాకు ఉరుమే. మోషన్ దగ్గర అది కుదరదు. బ్రష్‌తో ఒక గీత గీస్తాడు, సింబల్‌ను ఒకసారి తాకుతాడు, తర్వాత చాలాసేపు ఖాళీ. తాళం మనమే లోపల వేసుకోవాలి.

ఫిర్యాదు లేకపోలేదు. లొవానో అక్కడక్కడ మరీ ముందుకొచ్చి, ఆ ఖాళీని నింపేస్తాడు. ఎవాన్స్‌ను అసలు విననివాళ్లకు ఇది మామూలు గిటార్, శాక్సోఫోన్ ఆల్బమ్‌లాగే అనిపించొచ్చు. వాళ్లు ముందు ఆ 1961 రికార్డులు వినాలి. ఆ తర్వాత ఇందులో ‘టైమ్ రిమెంబర్డ్’ పెట్టుకుంటే, ఫ్రిజెల్ గిటార్ ఆగినచోటల్లా చెవి పియానో కోసం వెతుకుతుంది.