పలక కొట్టినోని పేరు అట్ట మీద లేదు

మా మాదిగ గేరికి మొదట వచ్చిన టేపురికార్డరు మా చిన్నాయనది. గుత్తి ఆర్.ఎస్.లో మూటలు మోసి, రూపాయి రూపాయి కూడబెట్టి పాతది కొన్నాడు. దాంతోపాటు నాలుగు క్యాసెట్లు తెచ్చినాడు. ఒకటి సినిమాది, ఒకటి ఏసు పాటలది, రెండు జననాట్యమండలివి. ఆ రెండూ అసలువి కాదు, ఎవరో కాపీ చేసిచ్చినవి. అట్ట లేదు. తెల్లకాగితం మీద బాల్‌పెన్నుతో 'గద్దర్' అని రాసుండె. లోపల పదిమంది గొంతులుండె. పైన ఒక్క పేరే ఉండె.

నేనిప్పుడు చెప్పబోయేదంతా ఆ తెల్లకాగితం గురించే.

మా నాయన పలక కొట్టేటోడు. సావులకు, మారెమ్మ జాతరకు, పీర్ల పండక్కు. వరిగడ్డి మంటేసి పలక కాగబెట్టి, వేళ్లతో తట్టి చూసి, "పలుకుతాంది" అనేవాడు. రెడ్ల ఇంట్లో సావైతే దినమంతా కొట్టి, పొద్దుగూకినాక దూరంగా కూచుని ఆకులో పెట్టింది తినొచ్చేవాడు. ఆ క్యాసెట్టు మొదటిసారి మోగిన రాత్రి నాయన తల పక్కకు వంచి చానాసేపు విన్నాడు. "ఇది మన పలకే కదరా" అన్నాడు. చిన్నాయన, "వాళ్లు డప్పంటారంటన్నా" అన్నాడు. "ఏమన్నా అనుకోనీ. తోలు తోలే" అన్నాడు నాయన. సావు లేకుండా, పండగ లేకుండా, ఎవరూ పిలవకుండా పలక మోగడం మా నాయన వినడం అదే మొదలు.

జననాట్యమండలి 1972లో పుట్టింది. అందులోంచి ఎదిగిన గుమ్మడి విఠల్‌రావు గద్దర్ అయినాడు. పార్వతీపురం పక్క పెదబొండపల్లి నుంచి వచ్చిన వంగపండు ప్రసాదరావు అందులో ఇంకో పెద్ద గొంతు. డప్పు రమేష్, సంజీవ్, దివాకర్ లాంటివాళ్లు ఆ వేదికను మోసినారు. గోచీ, గొంగడి, కాళ్లకు గజ్జెలు. ఆ వేషం కూడా ఒక మనిషిది కాదు, పని చేసే జనానిది.

మండలి పాటను ఒక్కసారి పట్టించుకుని వినండి. ముందు గొంతు ఒక మాట అంటుంది. వెనక గుంపు దాన్ని అందుకుంటుంది. అందుకునేటప్పుడు ఆ మాట కొంచెం మారుతుంది. ముందు గొంతులో అది ఒకని బాధ. గుంపులోకి పోయి తిరిగొచ్చేసరికి అది ఊరి బాధ. మధ్యలో డప్పు ఊరికే తాళం వెయ్యదు, ముందుకు తోస్తుంది. పాటంటే ఈ పోవడం, రావడమే. మన భాషలో మాత్రం వంత పాడేవాడంటే చులకన. తానా అంటే తందానా అనేటోడని ఎగతాళి. ఆ సామెత చేసినవాళ్లు ఎన్నడూ నాట్లలోనో, కోతల్లోనో గుంపుతో కలిసి పాడినవాళ్లు కారు. వంత లేకపోతే మా ఆడోళ్లు ఒక మడి కూడా కోసుండరు.

మరి విడిగా పాడినప్పుడు ఏమైంది?

గద్దర్ ఒంటిగా పాడిన క్యాసెట్లు, సభల్లో పాడినవి నేను డిగ్రీలో ఉన్నప్పుడు విన్నాను. అక్కడ పాట మధ్యలో మాట ఎక్కువ. పాడతాడు, ఆగుతాడు, కథ చెప్తాడు, నవ్విస్తాడు, మళ్లీ ఎత్తుకుంటాడు. తల్లి లచ్చుమమ్మ పేరు పాటలోకి వచ్చింది. మండలి గుంపులో విన్నప్పుడు ఆమె కూలికి పోయే ప్రతి తల్లి. ఒంటి గొంతులో విన్నప్పుడు ఆమె తూప్రాన్ మాల ఇంటి ఆడమనిషి, ఆయన్ను కన్న మనిషి. ఈ రెండోది నాకు కావలసింది. ఎందుకంటే 'శ్రమజీవి' అనే మాటలో మా అమ్మ చేతులున్నాయిగానీ, ఆమెను బావి దగ్గర నిలబెట్టిన కులం లేదు.

ఇక్కడ ఒక తొందర తీర్పు వద్దు. మండలి పాట వర్గం, విడి పాట కులం అని గీత గీస్తే తేలిక. నిజం అంత తేలిక కాదు. 1985 జులై 17న కారంచేడులో మాదిగల్ని చంపినప్పుడు గద్దర్ పాట కట్టింది మండలి మనిషిగానే. ఆ ఏడే అజ్ఞాతంలోకి పోయినాడు. 1990 ఫిబ్రవరిలో బయటికొచ్చి నిజాం కాలేజీ మైదానంలో నిలబడితే జనం ఇసకేస్తే రాలనంత వచ్చినారు. మరుసటేడు ఆగస్టు 6న చుండూరు. గుంపు పాటలో కులం అసలే లేదని కాదు నా ఫిర్యాదు. అది పిలిస్తే వచ్చే చుట్టం లాగా ఉందని, ఇంటి మనిషి లాగా లేదని.

వంగపండుది వేరే తోవ. విశాఖ షిప్‌యార్డులో ఫిట్టరు పని చేసిన మనిషి. యంత్రం తిరగడం వెనక కార్మికుని చెయ్యి ఉందని పాట కడితే అందులో ఇనుము చప్పుడు వినబడుతుంది. 'భూమి భాగోతం' ఆయనదే. ఆయన పాటల్ని ఆయన గొంతులోనే వింటే ఉత్తరాంధ్ర యాస కళ్లముందు ఆడుతుంది. అర్ధరాత్రి స్వతంత్రం సినిమా (1986) ద్వారా ఆ యాస మా గుత్తి దాకా వచ్చింది. కానీ సిగ్గుతో ఒప్పుకుంటున్నా: ఆయన పాటలు కొన్నిటిని చాలా ఏండ్లు నేను గద్దర్ పాటలే అనుకున్నా. తెల్లకాగితం మీద రాసింది నమ్మినా.

మూడో రకం సినిమా. ఒరేయ్ రిక్షా (1995) కోసం గద్దర్ రాసిన చెల్లెలి పాటను వందేమాతరం శ్రీనివాస్ పాడినాడు. నంది అవార్డు ఇస్తామంటే గద్దర్ వద్దన్నాడు. పాట మంచిదే, మా అక్క పెండ్లిలో అందర్నీ ఏడిపించింది. కానీ అందులో వంత లేదు, పలక లేదు. వినేవాడు ఏడుస్తాడు, అందుకోడు. నా లెక్కలో ఇదే అసలు తేడా. మండలి పాట నన్ను గుంపులోకి పిలిచింది. గద్దర్ ఒంటి పాట నా ఇంటి పేరు అడిగింది. సినిమా పాట నన్ను కుర్చీలో కూచోబెట్టింది.

ఇది మన ఒక్కచోటే జరిగింది కాదు. జమైకాలో వైలర్స్ అని ఒక జట్టు. బాబ్ మార్లే, పీటర్ టోష్, బన్నీ వైలర్ ముగ్గురూ పేదపేటలో కలిసి గొంతు కలిపినవాళ్లు. ముగ్గురూ కలిసి చేసిన చివరి రికార్డు 1973 నాటి 'బర్నిన్'. ఆ తర్వాత రికార్డుల మీద మార్లే పేరు ముందుకొచ్చింది, జట్టు వెనక్కి పోయింది. 1976లో టోష్ 'లీగలైజ్ ఇట్', బన్నీ 'బ్లాక్‌హార్ట్ మ్యాన్' విడివిడిగా తెచ్చినారు. అవి విన్నాకే లోకానికి తెలిసింది, జట్టు పాటలో ఎవరి పాలు ఎంతో. మన దగ్గర గద్దర్‌కు, వంగపండుకు ఆ మాత్రం విడి పాట దొరికింది. మరి వెనక డప్పు కొట్టినవాళ్లకు? వంత పాడిన ఆడపిల్లలకు? వాళ్ల విడి క్యాసెట్టు ఏది? గుంపు పేరు పెట్టినా, నాయకుని పేరు పెట్టినా అట్ట మీద చోటు దొరకనిది వాళ్లకే.

ఈ ప్రశ్న ఇతరులను అడిగే ముందు నన్ను అడుక్కోవాలి. మా వంశంలో మొదటి డిగ్రీ నాది, మొదటి గవర్నమెంటు ఉద్యోగం నాది. బడి వార్షికోత్సవంలో పిల్లలు జానపద నృత్యం వేస్తామన్నారు. డప్పు కొట్టేవాళ్లు దొరకలేదు. ఒక తోటి ఉపాధ్యాయుడు నా వైపు చూసి, "సార్, మీకు వస్తాదేమో కదా" అన్నాడు. ఆయన నవ్వలేదు. కానీ నాకు నవ్వినట్టే వినబడింది. "నాకు రాదు సార్" అన్నాను. నాకు వస్తుంది. ఏడేండ్లప్పుడే నాయన నేర్పినాడు. ఆ రోజు స్పీకర్లో గద్దర్ పాట పెట్టి పిల్లల్ని ఆడించినాను. మా నాయన నేర్పిన చేతుల్ని జేబులో పెట్టుకుని, గద్దర్ పాటకు చప్పట్లు కొట్టినా.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరుసటి ఆదివారం ఇంటికి పోయి, ఫోన్ పెట్టి, "నాయనా, కొట్టు, రికార్డు చేస్తా" అన్నా. "ఒక్కణ్నే యాడ కొట్టేది? చిన్నాయన ఉంటే కదా" అన్నాడు. చిన్నాయన అప్పటికే పోయినాడు. బతిమాలితే కొట్టినాడు. నాలుగు నిమిషాలు. ఇప్పుడు నాయన కూడా లేడు.

ఆ నాలుగు నిమిషాలు ఎన్నిసార్లు విన్నానో. కొంచెం సేపు కొడతాడు, ఆగుతాడు. మళ్లీ కొడతాడు, ఆగుతాడు. మొదట్లో ముసలితనం, ఆయాసం అనుకున్నా. కాదు. ఆగిన ప్రతిచోటా చిన్నాయన దెబ్బ పడాలి. పడేంత చోటు సరిగ్గా లెక్కపెట్టి ఇడిచిపెట్టినాడు. ఆ తర్వాత గద్దర్ ఒంటి పాటలు మళ్లీ విన్నా. అక్కడా అవే ఖాళీలు ఉన్నాయి. మాట ఆపి జనం వైపు చూసే ఆ క్షణం, మండలి గుంపు ఉండాల్సిన చోటు. 1997 ఏప్రిల్ 6న కాల్పుల తర్వాత వెన్నులో తూటాతో పాడినప్పుడు కూడా ఆ చోటు ఇడిచే పాడినాడు.

వంగపండు 2020లో పోయినాడు. గద్దర్ 2023 ఆగస్టు 6న, చుండూరు రోజునే పోయినాడు. వాళ్ల మీద పుస్తకాలు వస్తాయి, రావాలి. చదువుకునే తమ్ముళ్లను, చెల్లెళ్లను నేను అడిగేది ఒక్కటే. మీ ఇంట్లో పాత క్యాసెట్టు ఉంటే తీయండి. వెనక ఎవరు కొట్టినారు, ఎవరు అందుకున్నారు, ముసలోళ్లు బతికుండగానే అడిగి పేర్లు రాయండి.

ఈ ఏడు వార్షికోత్సవానికి నేను పలక కాగబెడతానని బడిలో చెప్పినా. నాయన ఇడిచిన చోట్లలో కొట్టడం ఇంకా నేర్చుకుంటాన్నా.