పడవ నడకే ఎర

షికాగోలో ఉద్యోగం చేసుకుంటున్న మన పలాస కుర్రాడొకడు మిచిగన్ సరస్సులో సాల్మన్ పట్టి, ఫొటో పంపాడు. చేప బాగానే ఉంది. నా కన్ను మాత్రం పడవ వెనక భాగం మీద పడింది. రెండు పక్కలా నిలబెట్టిన గేలపు కర్రలు, ఒక చక్రానికి చుట్టిన ఉక్కు తీగ, దాని చివర నాలుగైదు కిలోల సీసపు గుండు. వాళ్లు పడవ ఆపి గేలం వెయ్యరు. నడిచే పడవ వెనక దారాలు వదిలి, గంటకి నాలుగు కిలోమీటర్ల చొప్పున నీళ్లంతా తిప్పుతారు. ఎండాకాలంలో సాల్మన్ చల్లదనం వెతుక్కుంటూ లోతుకి దిగిపోతుంది కాబట్టి, ఎరని అక్కడిదాకా దింపడానికి ఆ గుండు. చేప కొరగ్గానే దారం గుండు నుంచి ఊడి వచ్చేస్తుంది.

నిజానికి సాల్మన్ ఆ సరస్సు బిడ్డ కాదు. సముద్రపు చిన్నచేప ఒకటి కాలవల గుండా లోపలికొచ్చి, తినేవాడు లేక విపరీతంగా పెరిగిపోయింది. దాన్ని తింటాయని 1966లో మిచిగన్ రాష్ట్ర మత్స్యశాఖలోని హోవర్డ్ టానర్ అనే అధికారి, ఒరెగాన్ గుడ్ల నుంచి పెంచిన కోహో సాల్మన్ పిల్లల్ని నదుల్లో వదిలించాడు. మరుసటేడే ఆ చిన్నచేపలు కుప్పలుగా చచ్చి ఒడ్డంతా కంపు కొట్టింది. సాల్మన్ మాత్రం నిలదొక్కుకుంది. ఇవాళ అక్కడ పడవలు అద్దెకిచ్చేవాళ్ల బతుకంతా ఆ వదిలిన పిల్లల పుణ్యమే.

మన ఉద్దానం తీరంలో కోనాం పిల్లల్ని ఎవరూ వదల్లేదు. వంజరం అని ఇతర జిల్లాల వాళ్లు లొట్టలేసే చేపే ఇది. దీన్నీ నడిచే పడవ వెనక గేలం లాగే పడతారు. కర్రల్లేవు, చక్రాల్లేవు. చేతిలో నైలాన్ దారం, వేళ్లు తెగకుండా సైకిల్ ట్యూబు ముక్కలు. కోనాం పళ్లు బ్లేడుల్లా ఉంటాయి, ఉత్త దారాన్ని ఇట్టే కొరికేస్తుంది. అందుకే గేలానికి ముందు జానెడు స్టీలు తీగ కడతారు. ఎరగా సావళ్ల పొట్ట ముక్క కడతారు, అది దొరక్కపోతే తెల్ల గుడ్డపీలిక. ఆ పీలికని చూసి నాకు అనుమానమొచ్చింది. మరీ ఇంత తెలివితక్కువ చేపా అని పడవలో పక్కనున్న పెద్దాయన్ని అడిగాను.

"పీలికని సూసి రాదు బాబూ, పరుగుని సూసి వస్తది. పారిపోయేదాన్ని వదల్దు, అదే దాని రోగం" అన్నాడు.

కిటుకంతా అదే. నిలబడ్డ పడవ వెనక ఆ పీలిక చెత్త. నడుస్తున్న పడవ వెనక అదే, కవళ్ల గుంపులోంచి తప్పిపోయిన ఒంటరి చేప. సాల్మన్‌కి సరిపోయే నడకకి కోనాం తలైనా తిప్పదు, దానికి రెట్టింపు వేగం కావాలి. మరీ తోలితే పీలిక నీళ్ల మీద ఎగిరి గంతులేస్తుంది. పెద్దాయన ఇంజిను చప్పుడు పట్టించుకోడు. చూపుడువేలి మీద దారం వణుకుని బట్టి, తోలేవాడికి గడ్డంతో సైగ చేస్తాడు, తగ్గించమనో పెంచమనో. పడవని తిన్నగా పోనివ్వడు. పాములా మెలికలు తిప్పిస్తాడు. మలుపులో లోపలి దారం నీరసించి కిందికి దిగుతుంది, బయటి దారం ఒక్కసారిగా ఉరుకుతుంది. సగం చేపలు ఆ మలుపులోనే పడతాయట. షికాగో కుర్రాడిని అడిగితే అక్కడి పడవవాడూ అదే మాట చెప్పాడన్నాడు. ఒకరినొకరు ఎన్నడూ చూడని ఇద్దరు ఒకే చదువు చదివారు.

బారువ ఎదురుగా నీళ్లలో పాత ఓడ శిథిలం ఉంది. ఇలాంటి చోట్లనే చేప గూడు కడుతుంది, వల వేస్తే చిరుగుతుంది. అక్కడ గేలమే దిక్కు. పైగా గేలం ఎంచుకుని పడుతుంది, పిల్లచేప జోలికి పోదు. వల అలా కాదు, గుంపుని గుంపుగా ఊడ్చేస్తుంది. అందుకే ఆదాయమూ వలదే. డీజిలు పోసి సగం రోజు తిరిగితే ఒక్క చేపైనా పడని రోజులున్న పనికి కుర్రాళ్లు ఎందుకుంటారు? గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి, సముద్రం అడుగున వల ఈడ్చే బోట్ల మీద కూలికి కుదురుతున్నారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన తీరాన్ని చితక్కొట్టింది. ఆ మరుసటి నెలే వేరావల్ నుంచి వేటకెళ్లిన మన జిల్లా మత్స్యకారులు పాకిస్తాన్‌కి చిక్కారు. 2020 జనవరిలో గానీ బయటపడలేదు. ఆ కథతో వచ్చిన 'తండేల్' సినిమా చూసి మనందరం కన్నీళ్లు పెట్టుకున్నాం. 193 కిలోమీటర్ల సొంత తీరం పెట్టుకుని వాళ్లు అంతదూరం ఎందుకు పోయారన్నది హాలు బయట ఎవరూ మాట్లాడుకోగా నేను వినలేదు.

జెట్టీలు, హార్బర్లు ప్రభుత్వం పని, దాన్ని అడుగుతూనే ఉందాం. మన చేతిలో ఉన్నది ఒకటుంది. జీడిపప్పులో గుండు ఏదో బద్ద ఏదో చీకట్లో తడిమి చెప్పగల ఊరు మనది. కాశీబుగ్గలో కోనాం కొనేటప్పుడూ ఆ చూపే వాడండి. నోటి మూల గేలం గాటు ఉండి, ఒంటి మీద వల గీతలు లేకపోతే అది గేలానికి పడిన చేప. అమ్మే ఆవిడ దానికి కిలో మీద ఇరవై ఎక్కువ చెబితే బేరమాడకండి.