పెద్దకూర: చట్టం లెక్కలోకి రాని ఆకలి

1977 గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టాన్ని కల్వకుర్తి మాదిగవాడలోంచి చదువుదాం. ఎద్దును, దున్నను కోయాలంటే అధికారి సర్టిఫికెట్ కావాలె. అరకకు, పాడికి, సంతతికి పనికొచ్చే పశువైతే అది ఇయ్యరు. రైతు అక్కెర చట్టంలో ఉంది; పోగులేసుకొని తినేటోళ్ల ఆకలి లేదు.

2001 కేంద్ర నిబంధనలు మున్సిపాలిటీ హద్దుల్లో కబేళాలోనే కోయమన్నయి. రోజుకు పది పశువులకు తగ్గితే అది కబేళానే కాదన్నయి. 2011 ఆహార భద్రతా నిబంధనలేమో రోజుకు రెండు పెద్ద పశువుల దాకా కోసేటోళ్లకు రిజిస్ట్రేషన్ చాలన్నయి. ఒక కాగితం మనిషిని గుర్తిస్తే, ఇంకోటి అతను కోసే జాగాను గుర్తించదు. కల్వకుర్తి వంటి చిన్న మున్సిపాలిటీలో ఒక్క పశువును కోసి అమ్ముకునేటోడు ఎక్కడ నిలబడాలె?

శుభ్రత వద్దని మేమనడం లేదు. నీళ్లు, జాగా, పశువైద్యుడి పరీక్ష చిన్నోళ్లకూ అందాలంటున్నం. అవి ఇయ్యకుండా కాగితమడిగే శుభ్రత మాకు పాత మైలలాగే కనబడుతుంది.