ఇరుకులో ఇద్దరి తీరు: ఈఎక్స్‌టీ4, జెడ్‌ఎఫ్‌ఎస్

డిస్కులో ఇంకా ఆరు శాతం ఖాళీ ఉందిగా, మెషీన్ ఎందుకు మొరాయిస్తోంది? సి.బెళగల్‌లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే కుర్రాడికైనా, కర్నూలులో సర్వర్ చూసుకునే ఇంజనీరుకైనా ఎప్పుడో ఒకప్పుడు వచ్చే సందేహమే. లినక్స్‌లో దీని జవాబు వాడే ఫైల్‌సిస్టమ్‌ను బట్టి, అంటే అది ఈఎక్స్‌టీ4నా, జెడ్‌ఎఫ్‌ఎస్సా అన్నదాన్ని బట్టి మారుతుంది.

సమస్య పాతదే. బర్క్‌లీ ఫాస్ట్ ఫైల్ సిస్టమ్‌పై మెక్‌కూసిక్, బిల్ జాయ్ తదితరులు 1984లో ప్రచురించిన పత్రంలోనే, ఖాళీ బ్లాకులు అడుగంటితే వేగం సగానికి పడిపోతుందని రాశారు. అందుకే 10 శాతం చోటును ఖాళీగా అట్టిపెట్టారు. ఆదోని మార్కెట్ యార్డు కిక్కిరిసిన రోజు పత్తి లోడు ఒకే చోట దిగదు, సందు దొరికిన చోటల్లా కొంత కొంత పోయాలి. ఫైలూ అలాగే ముక్కలవుతుంది. హార్డ్‌డిస్కులో ముక్కముక్కకూ హెడ్ కదలాలి, ఆ కదలికలకే మిల్లీసెకన్లు కరిగిపోతాయి.

ఈఎక్స్‌టీ4 రాయాల్సిన డేటాను కాసేపు మెమరీలో ఆపి, సైజు తేలాక వరుసగా చోటు వెతుకుతుంది. ఖాళీ తగ్గేకొద్దీ బ్లాకుల గ్రూపు తర్వాత గ్రూపు చొప్పున, ఏవి ఖాళీయో చెప్పే బిట్‌మ్యాప్ తిరగేయక తప్పదు. అయితే పాత ఫైలును ఉన్నచోటే దిద్దుతుంది కాబట్టి దెబ్బ ఎక్కువగా కొత్త ఫైళ్లకే.

జెడ్‌ఎఫ్‌ఎస్‌కు ఆ వెసులుబాటు లేదు. చిన్న మార్పునైనా కొత్త చోటే రాస్తుంది, దానిపైనున్న పాయింటర్లనూ మళ్లీ రాస్తుంది. ఒక మెటాస్లాబ్‌లో (పూల్ అనే మొత్తం నిల్వలోని ఒక భాగంలో) ఖాళీ 4 శాతం కంటే తగ్గితే, ముందు కనిపించిన సందులో సర్దేయడం మాని సరిగ్గా పట్టే సందు కోసం వెతుకుతుంది. పూల్ నిండేకొద్దీ ఈ వెతుకులాట పెరుగుతుంది కాబట్టే దాన్ని 80 శాతం దాటనివ్వొద్దని సలహా ఇస్తారు. పైగా పాత స్థితిని భద్రపరిచే స్నాప్‌షాట్ పట్టుకున్న ఫైలును డిలీట్ చేసినా చోటు తిరిగి రాదు.

ఆపత్కాలానికి రెండూ కొంత దాచుకుంటాయి. ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 శాతం రూట్ యూజర్ కోసం ఉంచుతుంది: 4 టీబీ డిస్కులో 200 జీబీ. సిస్టమ్ డిస్కుకు అది రక్షణ. వీడియోలు మాత్రమే దాచే డిస్కుకు దండగ, ట్యూన్2ఎఫ్‌ఎస్ కమాండ్‌తో తగ్గించుకోవచ్చు. జెడ్‌ఎఫ్‌ఎస్ సాధారణంగా 32వ వంతు ఆపుకుంటుంది. డిలీట్ చేయడానికీ అది కొత్తగా రాయాలి కాబట్టి ఈ నిల్వను పిసినారితనం అనలేం.

పారదర్శకతలో మాత్రం జెడ్‌ఎఫ్‌ఎస్‌దే పైచేయి. జెడ్‌పూల్ లిస్ట్ అనే కమాండ్ కొడితే ఖాళీ ఎంత ముక్కలైందో ఒక కాలమ్‌లో కనిపిస్తుంది. ఈఎక్స్‌టీ4లో ఆ సంగతి తెలియాలంటే ఈ2ఫ్రీఫ్రాగ్ అనే వేరే పనిముట్టు వెతుక్కోవాలి.

కాబట్టి తీర్పు పనిని బట్టి ఉంటుంది. డెలివరీ అయిపోయిన పెళ్లి వీడియోలను దాచే డిస్కు దాదాపు నిండినా నష్టం లేదు, దాన్ని చదవడమే తప్ప రాయడం ఉండదు. రోజూ కోతలు, రెండరింగులు సాగే డిస్కులోనే ఖాళీ కావాలి. అది జెడ్‌ఎఫ్‌ఎస్ అయితే ఐదో వంతు వదలాలి, ఈఎక్స్‌టీ4 అయితే పదో వంతుతో నెట్టుకురావచ్చు.